మూడు రోజుల సంచి, ముప్పై రోజుల నెల

అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్న పిల్లలు ఫోన్‌లో "ఇవాళ ప్యాంట్రీకి వెళ్లొచ్చాం" అంటే, ఇక్కడి తల్లిదండ్రుల్లో చాలామందికి అదేదో చవక సరుకుల దుకాణం అనిపిస్తుంది. కాసేపు మాట్లాడాక అక్కడ డబ్బు తీసుకోరని తెలుస్తుంది. ఇక ప్రశ్నలు మొదలవుతాయి. ఉచితంగా ఎవరిస్తారు? ఎందుకిస్తారు? మేం పంపింది చాలడం లేదా? చివరి ప్రశ్నలో కంగారు ఎంత ఉంటుందో నామోషీ కూడా అంతే ఉంటుంది. పిల్లలు "అదేం లేదమ్మా, అందరూ వెళ్తారు" అని మాట మార్చేస్తారు.

అందరూ వెళ్తారన్నది నిజం కాదు. అలాగని వెళ్లేవాళ్లు కొద్దిమందీ కారు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం 2023లో ఆ దేశంలో 13.5 శాతం కుటుంబాలకు, అంటే దాదాపు 1.8 కోట్ల ఇళ్లకు, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తిండికి కటకట వచ్చింది. ఆ ఇళ్లలో ఉన్నది 4.74 కోట్ల మంది. మన ఆంధ్రప్రదేశ్ జనాభా కూడా అటూ ఇటుగా అంతే. ధాన్యం, మాంసం, పాలు విపరీతంగా ఉత్పత్తి చేసి ఎగుమతి చేసే దేశంలో ఈ పరిస్థితి ఎలా వచ్చిందో, ఆ ప్యాంట్రీ ఎలా నడుస్తుందో, రోజూ తినే తిండికి దాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో నిదానంగా చూద్దాం.

ఈ ఏర్పాటులో మూడు అంచెలున్నాయి. పైన ఉన్నది ఫుడ్ బ్యాంకు. అది ఒక పెద్ద గోదాము. లారీలు, ఫోర్క్‌లిఫ్టులు, చల్లటి గదులు అక్కడుంటాయి. సూపర్ మార్కెట్లు, తయారీ కంపెనీలు, రైతులు, ప్రభుత్వం ఇచ్చే సరుకు అక్కడికి చేరుతుంది. ఫీడింగ్ అమెరికా అనే జాతీయ సంస్థ కింద ఇలాంటి గోదాములు దాదాపు 200 ఉన్నాయి. రెండోది ఫుడ్ ప్యాంట్రీ. చర్చి కింది గదిలోనో, స్కూలు జిమ్‌లోనో, యూనివర్సిటీలో ఒక మూలనో ఉండే చిన్న కేంద్రం. వండుకోవడానికి సరుకు ఇచ్చేది ఇక్కడే. మూడోది సూప్ కిచెన్. వండి వడ్డించే చోటు. ఇల్లూ పొయ్యీ లేనివాళ్లు ఎక్కువగా అక్కడికి వెళ్తారు. ప్యాంట్రీకి వచ్చేవాళ్లలో చాలామందికి ఇల్లుంది, పొయ్యి ఉంది, తరచుగా ఉద్యోగమూ ఉంది. లేనిది నెలాఖరుకు డబ్బు.

ఇది మొదలైంది 1967లో, అరిజోనాలోని ఫీనిక్స్‌లో. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన అక్కడ ఒక సూప్ కిచెన్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు. తోటల్లో కోయకుండా వదిలేసిన నారింజలూ నిమ్మకాయలూ అడిగి తెచ్చేవారు. పదిమంది పిల్లలున్న ఒక తల్లి, సూపర్ మార్కెట్ వెనక చెత్తడబ్బాల్లో దొరికే బాగున్న తిండితో ఇల్లు నెట్టుకొస్తున్నట్టు ఆయనతో చెప్పింది. మిగిలింది పారేసేవాళ్లు ఒకచోట వేస్తే, కావలసినవాళ్లు అక్కడి నుంచి తీసుకుంటారు కదా అన్నది ఆమె ఆలోచనే. వాన్ హెంగెల్ దాన్ని పట్టుకున్నారు. సెయింట్ మేరీస్ చర్చి ఒక పాత బేకరీ భవనాన్నీ కొంత డబ్బునూ ఇచ్చింది. మొదటి ఏడాదే 2,75,000 పౌన్ల సరుకు, అంటే దాదాపు 125 టన్నులు, సేవాసంస్థలకు చేరింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆకలి ఎంతుందో కొలిచి, దానికి తగినంత తిండి సమకూర్చాలని పుట్టిన ఏర్పాటు కాదిది. పారేసే తిండి కళ్లెదుట కనిపిస్తోంది కాబట్టి, దాన్ని ఆకలి ఉన్నచోటికి మళ్లించాలని పుట్టింది. రెండూ ఒకటేననిపిస్తాయి కానీ కావు. మొదటిదానిలో లెక్క అవసరం నుంచి మొదలవుతుంది, రెండోదానిలో మిగులు నుంచి. ఆ తర్వాత యాభై ఏళ్లలో ప్యాంట్రీలకు వచ్చిన చిక్కులన్నిటికీ మూలం ఈ తేడాలోనే ఉంది.

మిగులు రావడానికి చట్టాలు కూడా దారులు వేశాయి. 1976 పన్ను చట్టంతో, సరుకు దానమిచ్చే కంపెనీలకు మామూలుకన్నా ఎక్కువ మినహాయింపు దొరికింది. 1996లో బిల్ ఎమర్సన్ పేరిట వచ్చిన చట్టం మరో భయం తీర్చింది. మంచి మనసుతో ఇచ్చిన తిండి వల్ల ఎవరికైనా జబ్బు చేస్తే, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, ఇచ్చినవాళ్ల మీద దావా నిలవదు. అమ్ముడుపోని సరుకును చెత్తకుప్పకు పంపాలంటే కంపెనీకి ఖర్చు. ఫుడ్ బ్యాంకుకు పంపితే పన్ను తగ్గింపూ, నలుగురిలో పేరూ. దాతృత్వం అబద్ధమని అనడం లేదు. దాని పక్కనే లెక్కల పుస్తకం కూడా తెరిచే ఉందని మాత్రం చెబుతున్నాను.

ప్రభుత్వం ఇందులోకి దిగిన తీరు ఇంకా విచిత్రం. పాడి రైతులకు గిట్టుబాటు ధర ఇవ్వడానికి అమెరికా ప్రభుత్వం తనే పాల ఉత్పత్తులు కొనేది. అలా కొన్న చీజ్ గోదాముల్లో కొండలా పేరుకుపోయింది. కొంత బూజు పట్టడం మొదలైంది. ఒకవైపు ఆర్థిక మాంద్యం, మరోవైపు ఫుడ్ స్టాంపుల్లో కోతలు. 1981 డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ 3 కోట్ల పౌన్ల చీజ్‌ను పేదలకు పంచమన్నారు. అయిదు పౌన్ల ఇటుకల్లాంటి ఆ చీజ్ కోసం జనం వీధుల్లో బారులు తీరారు. 1983లో దీనికి ‘తాత్కాలిక అత్యవసర ఆహార సహాయ పథకం’ అని పేరు పెట్టి చట్టం చేశారు. 1990లో ఆ పేరులోంచి ‘తాత్కాలిక’ తీసేశారు. పథకం ఇప్పటికీ నడుస్తోంది. పేరు మార్చినవాళ్లకు ఆ మాట తీసేయడం ఎంత నిజాయతీ అయిన పనో అప్పుడు తట్టి ఉండకపోవచ్చు.

అత్యవసరం నిత్యావసరం అయిందని అంకెలు కూడా చెబుతున్నాయి. ఫీడింగ్ అమెరికా తన దగ్గరికి వచ్చేవారిని అడిగి 2011లో ఒక నివేదిక వేసింది. ప్యాంట్రీకి వచ్చినవాళ్లలో సగానికి పైగా అంతకుముందు ఏడాదిలో ఆరు నెలలు గానీ, అంతకన్నా ఎక్కువ నెలలు గానీ వచ్చినవాళ్లే. 2014 సర్వేలో 63 శాతం కుటుంబాలు ఇంకో మాట చెప్పాయి. ప్యాంట్రీ నుంచి వచ్చే సరుకును నెల బడ్జెట్‌లో ముందుగానే లెక్క వేసుకుంటున్నామన్నాయి. ఆపద వచ్చి పరిగెత్తడం ఒకటి, నాలుగో వారం గురువారం ప్యాంట్రీ అని క్యాలెండర్‌లో రాసుకోవడం ఒకటి. అదే సర్వేలో సగానికి పైగా ఇళ్లలో ఆ ఏడాది ఎవరో ఒకరు ఉద్యోగం చేసినవాళ్లున్నారు. 69 శాతం మంది తిండా, కరెంటు బిల్లా అని తేల్చుకోవాల్సి వచ్చిందన్నారు. 66 శాతం మంది తిండా, వైద్యమా అన్నారు. అద్దె, బీమా, కారు, ఫోను వాయిదాలు కోయలేనివి. కోయగలిగింది తిండి ఒక్కటే. అందుకే ఇంటి బడ్జెట్‌లో తగ్గిన ప్రతి డాలరూ ముందు వంటింట్లోనే కనిపిస్తుంది.

మరి ప్రభుత్వ సాయం లేదా? ఉంది, అదే పెద్దది. స్నాప్ అంటారు. పాత పేరు ఫుడ్ స్టాంపులు. 2024లో సగటున నెలకు 4.17 కోట్ల మంది వాడుకున్నారు. బ్యాంకు కార్డు లాంటి ఈబీటీ కార్డులో నెలనెలా డబ్బు పడుతుంది. దానితో కిరాణా కొనుక్కోవచ్చు. ఒక్కో మనిషికి సగటున రోజుకు ఆరు డాలర్ల చొప్పున వస్తుంది. ఆరు డాలర్లంటే రూపాయల్లో ఎక్కువే అనిపిస్తుంది కానీ, అక్కడ డజను గుడ్లు, ఒక బ్రెడ్డు కొంటే అయిపోతుంది. చాలా ఇళ్లలో ఆ కార్డు మూడో వారానికి ఖాళీ. నాలుగో వారం ప్యాంట్రీ వంతు. ఫుడ్ బ్యాంకులవాళ్లే ఒప్పుకునే లెక్క ఒకటుంది: వాళ్లు ఒక పూట తిండి ఇస్తే, స్నాప్ తొమ్మిది పూటలు ఇస్తోంది. స్నాప్‌లో కొద్దిగా కోత పెట్టినా ప్యాంట్రీ దాన్ని పూడ్చలేదని దీని అర్థం. దానాలు కాస్త పెరిగితే సర్దుకుంటుందిలే అనుకునే రాజకీయ నాయకులు ఈ ఒకటీ తొమ్మిదీ లెక్కను కాగితం మీద రాసుకుంటే బాగుండు.

ఇప్పుడు ప్యాంట్రీ లోపలికి వెళ్దాం. పది గంటలకు తలుపు తీస్తారంటే తొమ్మిదికే వరస ఉంటుంది. వరసలో చక్రాల బుట్టలు, సూట్‌కేసులు, పిల్లల స్ట్రోలర్లు కనిపిస్తాయి. స్ట్రోలర్‌లో పిల్లాడుండడు, తిరిగి వెళ్లేటప్పుడు అందులో సరుకుంటుంది. లోపల మడత బల్లలు, ఇనుప అరలు. పంచేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన పెద్దవాళ్లు. పేరు, పిన్‌కోడు, ఇంట్లో ఎంతమంది అని అడుగుతారు. ప్రభుత్వ సరుకు కూడా కావాలంటే, ఆదాయం ఇంతకన్నా తక్కువ అని ఒక కాగితం మీద సంతకం చేయాలి. రుజువులు అడిగేచోట్లు తక్కువ. కొన్నిచోట్ల ముందే కట్టిన అట్టపెట్టె చేతికిస్తారు. కొన్నిచోట్ల దుకాణంలోలా అరల మధ్య నడిచి ఏరుకోనిస్తారు. ప్రతి అరకూ ఒక చీటీ ఉంటుంది: ఇద్దరున్న ఇంటికి ఒకటి, అయిదుగురుంటే రెండు. ఏరుకునే పద్ధతే మంచిదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. పెట్టెలో వచ్చిన ట్యూనా చేప డబ్బా శాకాహారి ఇంట్లో నెలల తరబడి కదలకుండా ఉంటుంది. లేదా పక్కింటికి పోతుంది. ఏరుకోనిస్తే ఆ డబ్బా అరలోనే ఉండి, తినేవాడికి దొరుకుతుంది.

సంచిలో ఏముంటుంది? డబ్బాల్లో ఉడికించిన శనగలు, రాజ్మా, మొక్కజొన్న, బీన్స్. పాస్తా, టొమాటో సాస్. పీనట్ బటర్ సీసా. ఒకటి రెండు సీరియల్ పెట్టెలు. ట్యూనా, సూప్ డబ్బాలు. బ్రెడ్డు మాత్రం ఎంత కావాలంటే అంత, ఎందుకంటే నిన్నటి బ్రెడ్డు ప్రతి సూపర్ మార్కెట్‌లోనూ మిగులుతుంది. అలాగే పుట్టినరోజు కేకులు, డోనట్లు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, యాపిళ్లు చాలాసార్లు ఉంటాయి. పాలు, గుడ్లు ఒక వారం ఉంటే ఇంకో వారం ఉండవు. దాదాపు ఉండనిది వంటనూనె. మసాలాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇదంతా మూడు నుంచి అయిదు రోజులకు సరిపోతుంది. కొన్ని ప్యాంట్రీలు వారానికోసారి, ఇంకొన్ని నెలకోసారే ఇస్తాయి. నెల గడవాలంటే రెండు మూడు ప్యాంట్రీల వేళలు కలుపుకోవాలి. ఒకటి మంగళవారం పొద్దున, ఇంకొకటి శనివారం, మూడోది ఊరి అవతల. కారు లేనివాళ్లకు బస్సులో రానూపోనూ రెండు గంటలు, వరసలో ఇంకో గంటన్నర. గంటల లెక్కన కూలి వచ్చే పనిలో ఉన్నవాళ్లు ఆ పూట జీతం వదులుకోవాలి. ఉచితం అనే సరుకుకు పడే ధర ఇదే. ఎంత తక్కువ డబ్బుంటే అంత ఎక్కువ సమయం చెల్లించాల్సి వస్తుంది.

వంట తీరు కూడా తిరగబడుతుంది. మామూలు ఇంట్లో ఏం వండాలో అనుకుని సరుకు కొంటాం. ప్యాంట్రీ ఇంట్లో ఏం దొరికిందో చూసి వండుతారు. పదిరోజులు వరసగా పాస్తా తింటారు, ఎందుకంటే ఉన్నది అదే. డబ్బా కూరగాయల్లో ఉప్పు ఎక్కువ, సీరియల్లో చక్కెర ఎక్కువ. ఆ 2014 సర్వేలోనే 33 శాతం ఇళ్లలో మధుమేహం ఉన్నవాళ్లు, 58 శాతం ఇళ్లలో రక్తపోటు ఉన్నవాళ్లు ఉన్నట్టు తేలింది. డాక్టరు వద్దన్నదే సంచిలో వస్తుంది. ఈ విమర్శ గట్టిగా రావడంతో కొన్ని ఫుడ్ బ్యాంకులు కూల్‌డ్రింకులూ మిఠాయిలూ తీసుకోవడం తగ్గించాయి. అరల మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చీటీలు అంటించి ఏది మంచిదో చూపిస్తున్నాయి. ఇది మంచి మార్పే. కానీ ‘ఎన్ని పూటల తిండి ఇచ్చాం’ అని చెప్పుకునే లెక్క ఇంకా బరువు లెక్కే. 1.2 పౌన్లు, అంటే దాదాపు 544 గ్రాములు, ఒక పూట కింద జమ. అది కందిపప్పయినా పుచ్చకాయైనా ఒకటే.

మిగులు సరుకును ఎవరికి ఏది పంపాలన్నది కూడా చిన్న సమస్య కాదు. ఒకప్పుడు జాతీయ సంస్థ వరస ప్రకారం ఒక్కో ఫుడ్ బ్యాంకుకు ఒక్కో లారీ లోడు కేటాయించేది. దాంతో బంగాళాదుంపలు పండే ప్రాంతానికే మళ్లీ బంగాళాదుంపలు వచ్చిపడే ప్రమాదం ఉండేది. 2005లో షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తల సాయంతో వేలంపాట పెట్టారు. అసలు డబ్బు కాదు, ‘షేర్లు’ అనే ఉత్తుత్తి డబ్బు. పేదలెక్కువున్న ప్రాంతానికి ఎక్కువ షేర్లు. పాట మొదలయ్యాక తెలిసిన విషయాలు ఆసక్తికరం. సీరియల్, పాస్తా లాంటి నిల్వ సరుకుకు పోటీ విపరీతం. తాజా కూరగాయలు చాలా చవక, ఎందుకంటే అవి స్థానికంగానూ దొరుకుతాయి, దారిలో కుళ్లిపోయే భయమూ ఉంది. కొన్ని లోడ్ల ధర సున్నాకన్నా కిందికి పోయింది. తీసుకెళ్లినవాళ్లకు ఎదురు షేర్లు ఇచ్చి పంపారు. పంచిపెట్టే వ్యవహారంలోకి మార్కెట్టా అని మొదట్లో ఎదురు తిరిగినవాళ్లున్నారు. నాకైతే ఇది ఈ మొత్తం కథలో తెలివైన మలుపు అనిపిస్తుంది. ఎవరికేం కావాలో అడిగారు మరి. అయితే అడిగింది గోదాముల్ని. ప్యాంట్రీ దగ్గర వరసలో నిలబడినవాళ్లను అడగడం అన్నిచోట్లా ఇంకా మొదలు కాలేదు.

మన పిల్లల సంగతికొద్దాం. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగువాళ్ల వాటా పెద్దది. ఎఫ్‌–1 వీసా మీద వెళ్లినవాళ్లకు స్నాప్ రాదు. హెచ్‌–1బీ మీద ఉన్నవాళ్లకూ రాదు. గ్రీన్ కార్డు వచ్చినా పెద్దవాళ్లకు మామూలుగా అయిదేళ్లు ఆగాలి. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ పని కూడా అందరికీ దొరకదు. ఇంటి దగ్గర తీసుకున్న బ్యాంకు అప్పు ఫీజుకు, అద్దెకే సరిపోతుంది. అందుకే క్యాంపస్ ప్యాంట్రీ.

క్యాంపస్ ప్యాంట్రీలు కూడా పాతవే. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1993లోనే విద్యార్థులు విద్యార్థుల కోసం ఫుడ్ బ్యాంకు పెట్టుకున్నారు. ఇప్పుడు వందల కాలేజీల్లో ఉన్నాయి. చాలాచోట్ల విద్యార్థి కార్డు చూపిస్తే చాలు. నువ్వు విదేశీయుడివా, మీ నాన్న జీతమెంత అని అడగరు. అక్కడికి వెళ్లడం చట్టవిరుద్ధమేమీ కాదు.

అక్కడి నుంచి వచ్చిన డబ్బాలతో తెలుగు వంట అవుతుందా అంటే, అవుతుంది. శనగల డబ్బా నీళ్లు వంపేసి రెండుసార్లు కడిగితే ఉప్పు మూడోవంతుకు పైగా పోతుంది. ఉల్లిపాయ, అల్లం వేసి వేయిస్తే అన్నంలోకి కూర. డబ్బా టొమాటోలతో చారు, పచ్చడి రెండూ కుదురుతాయి. ఓట్సుకు ఆవాలు, కరివేపాకు తాలింపు వేస్తే ఉప్మా అనుకుని తినొచ్చు, అమ్మకు ఫొటో పంపకపోతే సరి. చక్కెర కలపని పీనట్ బటర్ గుత్తివంకాయ పులుసులో వేరుశనగ ముద్దకు బదులు చక్కగా పనిచేస్తుంది. శాకాహారులు మాత్రం చీటీ చదవడం నేర్చుకోవాలి. బీన్స్‌తో చేసిన ‘చిల్లీ’ డబ్బాలో సాధారణంగా గొడ్డుమాంసం ఉంటుంది. ‘రీఫ్రైడ్ బీన్స్’ కొన్ని రకాల్లో పంది కొవ్వు కలుపుతారు. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా, అది ఎముకల రసంతో చేసింది కావచ్చు. మార్ష్‌మెల్లోల్లో జెలటిన్ ఉంటుంది. డబ్బా మీద ‘బెస్ట్ బై’ తేదీ దాటిందని భయపడనక్కర్లేదు. అది రుచికి సంబంధించిన తేదీ. పసిపిల్లల పాలపొడి మీది తేదీ మాత్రం కచ్చితంగా పాటించాలి. ఉబ్బిన డబ్బా, అంచుల దగ్గర లోతుగా నొక్కుకుపోయిన డబ్బా తేదీతో సంబంధం లేకుండా పారేయాలి.

ఇక గొడవ. 2024 ఏప్రిల్‌లో కెనడాలో ఒక భారతీయ యువకుడు యూనివర్సిటీ ఫుడ్ బ్యాంకుల్లో ఉచితంగా సరుకు తెచ్చుకుని నెలకు వందల డాలర్లు ఎలా మిగుల్చుకోవచ్చో వీడియో పెట్టాడు. అది పాకి పెద్ద దుమారమైంది. అతను పనిచేసిన బ్యాంకు, అతనిప్పుడు తమ దగ్గర పనిచేయడం లేదని చెప్పాల్సి వచ్చింది. అంతకుముందే, 2023 చివర్లో, బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ బ్యాంకు అంతర్జాతీయ విద్యార్థులకు సరుకు ఇవ్వబోమని బోర్డు పెట్టింది. 2024లో వాంకూవర్ ప్రాంతపు పెద్ద ఫుడ్ బ్యాంకు మొదటి ఏడాది విదేశీ విద్యార్థులకు ఆపేసింది. వాళ్ల వాదన తేలికైనదే: చదువుకు వచ్చేముందు జీవనవ్యయానికి డబ్బుందని చూపించి వచ్చారు కదా.

చూపించారు. ఎంత చూపించమన్నారో కూడా చూడాలి. కెనడా ప్రభుత్వం దాదాపు ఇరవై ఏళ్ల పాటు ఒక విద్యార్థి ఏడాది ఖర్చుకు 10,000 డాలర్లుంటే చాలంది. అద్దెలు రెట్టింపైనా ఆ అంకె మారలేదు. 2024 జనవరి 1 నుంచి ఒక్కసారిగా 20,635 డాలర్లు చేసింది. పాత అంకెను నమ్మి వెళ్లినవాళ్లు అబద్ధమాడలేదు, అంకే అబద్ధమాడింది. అదే సమయంలో కెనడా ఫుడ్ బ్యాంకులకు 2024 మార్చి ఒక్క నెలలోనే జనం 20 లక్షల సార్లకు పైగా వచ్చారు. 2019తో పోలిస్తే దాదాపు రెండింతలు. మిగులు పెరగలేదు, మనుషులు పెరిగారు. అలాంటప్పుడు వరసలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ మధ్య తగువు పుట్టక తప్పదు. ఆకలి ఉన్నవాడు వెళ్లాలి, నామోషీ పడనక్కర్లేదు. డబ్బు మిగుల్చుకునే చిట్కాగా రీళ్లు చేసేవాడు మాత్రం తన వెనక నిలబడ్డ ముసలావిడ సంచిలోంచి తీసుకుంటున్నాడు. ఈ రెంటికీ తేడా చెప్పడానికి పెద్ద నీతిశాస్త్రం అక్కర్లేదు.

మిగులు మీద ఆధారపడ్డ ఏర్పాటు ఎంత పలచగా ఉంటుందో 2020, 2025 రెండూ చూపించాయి. కోవిడ్ మొదట్లో, 2020 ఏప్రిల్ 9న, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ఫుడ్ బ్యాంకు సరుకు కోసం దాదాపు పదివేల కుటుంబాలు కార్లలో వరసకట్టాయి. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. తర్వాత ప్రభుత్వం స్నాప్ పెంచింది, వరసలు తగ్గాయి. 2023 ఫిబ్రవరితో ఆ అదనపు సాయం ఆగిపోయింది. ఒక్కో కుటుంబానికి నెలకు కనీసం 95 డాలర్లు తగ్గాయి. అంతకుముందు ఏడాదే కిరాణా ధరలు 11 శాతం పైగా పెరిగి ఉన్నాయి. వరసలు మళ్లీ పెరిగాయి. 2025 మార్చిలో వ్యవసాయ శాఖ ఫుడ్ బ్యాంకులకు పంపాల్సిన 50 కోట్ల డాలర్ల సరుకును రద్దుచేసింది. స్థానిక రైతుల దగ్గర కొని ప్యాంట్రీలకు ఇచ్చే పథకాన్నీ ఆపింది. జూలైలో వచ్చిన చట్టం స్నాప్ ఖర్చును పదేళ్లలో భారీగా తగ్గించింది. అక్టోబరు 1 నుంచి ప్రభుత్వ కార్యకలాపాలు స్తంభించాయి. నవంబరు 1న చాలా రాష్ట్రాల్లో కార్డుల్లో డబ్బు పడలేదు. ఆ వారం ప్యాంట్రీల ముందు నిలబడ్డవాళ్లలో జీతాలు ఆగిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు కూడా ఉన్నారు. తొమ్మిది పూటలు ఇచ్చేది ఆగిపోతే, ఒక పూట ఇచ్చేదాని దగ్గరికే అందరూ వచ్చారు.

వరద వచ్చినప్పుడు వేసిన ఇసుకబస్తాల గట్టు మీద ఏళ్ల తరబడి బస్సులు నడిపితే, గట్టు కుంగినందుకు బస్తాలు వేసినవాళ్లను తప్పుపట్టలేం. ప్యాంట్రీల మీద జానెట్ పాపెన్‌డీక్ 1998లో రాసిన ‘స్వీట్ చారిటీ’ అనే పుస్తకం వాదన కూడా స్థూలంగా ఇదే. దానం బాగా జరుగుతుంటే, ఆకలి సంగతి ఎవరో చూసుకుంటున్నారన్న భరోసా సమాజానికి వస్తుంది. ప్రభుత్వం మెల్లగా తప్పుకుంటుంది. హక్కుగా రావలసింది దయగా మారుతుంది. ఆ వాదనలో బలం ఉంది. కానీ రేపు పొద్దున పిల్లాడికి పాలు లేని తల్లికి ఈ పుస్తకం చూపించి ప్యాంట్రీ మూసేయలేం. అందుకే మంచి ఫుడ్ బ్యాంకులు ఇప్పుడు రెండు పనులూ చేస్తున్నాయి. ఒకవైపు సరుకిస్తాయి. అదే బల్ల మీద స్నాప్ దరఖాస్తు నింపడానికి ఒక మనిషిని కూర్చోబెడతాయి.

హక్కుకూ దయకూ తేడా మనకు కొత్త కాదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పటి నుంచి రేషన్ కార్డు మన ఇళ్లలో ఆస్తి కాగితంలా భద్రంగా ఉంటోంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం అర్హులైన ఒక్కో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం రావాలి. ఇవ్వలేకపోతే బదులుగా భత్యం చెల్లించాలని కూడా చట్టంలో ఉంది. డీలరు "స్టాకు రాలేదు" అంటే మనం గొడవపడతాం. అమెరికా ప్యాంట్రీలో అరలు ఖాళీ అయితే "సారీ, వచ్చే వారం రండి" అంటారు. వరసలో నిలబడ్డవాళ్లు థాంక్స్ చెప్పి వెళ్లిపోతారు. గొడవపడటానికి చేతిలో కాగితమేమీ లేదు.

అయితే ఏరుకునే సంగతిలో మనం గొప్పలు పోయే స్థితిలో లేం. దొడ్డుబియ్యం తినలేక కిలో పదో పదిహేనో రూపాయలకు అమ్ముకున్న ఇళ్లు ఎన్నో. అవే బియ్యం పాలిష్ పట్టి మళ్లీ బజారుకొచ్చేవి. 2025లో తెలంగాణ ప్రభుత్వం మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టడానికి ఇదీ ఒక కారణం. పేదవాడికి ఆకలితోపాటు నాలుక కూడా ఉంటుందని ప్రభుత్వాలకు తెలియడానికి ఇక్కడా అక్కడా చాలా ఏళ్లే పట్టింది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో ఇచ్చేవైపున్నవాళ్లూ చాలామందే. తానా, నాట్స్ లాంటి సంఘాల స్థానిక శాఖలు ఫుడ్ డ్రైవ్‌లు పెడతాయి. అట్టపెట్టెల ముందు నిలబడి ఫొటోలు దిగుతాయి, దిగనివ్వండి. కానీ ఇంట్లో మూలనున్న డబ్బాలు తెచ్చివ్వడం కన్నా చెక్కు రాసివ్వడం మేలు. ఫుడ్ బ్యాంకు లారీ లోడ్ల లెక్కన కొంటుంది కాబట్టి, మనం దుకాణంలో పెట్టే డాలరుకన్నా వాళ్ల డాలరుకు ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. సరుకే ఇవ్వాలనుకుంటే ముందు ఆ ప్యాంట్రీకి ఫోన్ చేసి ఏం కావాలో అడగాలి. వాళ్లు అడిగేవి మనం ఊహించేవి కావు. వంటనూనె అంటారు, ఉప్పూ మసాలాలూ అంటారు, డబ్బా మూత తీసే ఓపెనరు అంటారు. స్నాప్ కార్డు మీద సబ్బు రాదు, డైపర్లు రావు, శానిటరీ ప్యాడ్లు రావు. అవి తెస్తే మరీ మంచిది. తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న క్యాంపస్ ప్యాంట్రీకైతే అయిదు పౌన్ల కందిపప్పు, పసుపు, కారం, కొంచెం చింతపండు ఇచ్చి చూడండి. అరలో ఒక పూట కూడా నిలవవు.